కంప్యూటరు మెమొరీయు దాని కాలనియమములును

కంప్యూటరు కొనువారు మెమొరీ పలకపై అంటించిన చిన్న చీటిని చూచియే యుందురు. దానిపై "డీడీఆర్4–3200, 16–18–18–38, 1.35 వోల్టులు" అను విధమున కొన్ని అంకెలు అచ్చువేసి యుండును. మొదటి అంకె ఎంత పెద్దదైన అంత మంచిదని అంగడివాడు చెప్పును; తక్కిన అంకెల మాట యడిగినచో తరచుగా ధర సంగతికి మరలును. మన పై తరగతుల విద్యార్థులలో కొందరు ఈ అంకెలను మార్చి యంత్రపు వేగమును హెచ్చింపవచ్చునని విని ఉత్సాహపడుచున్నారు. ఈ పనికి ఓవర్‌క్లాకింగ్ అని పేరు. వారి తల్లిదండ్రులలో కొందరు, కష్టపడి కూడబెట్టిన సొమ్ముతో కొన్న యంత్రము పిల్లల చేతిలో చెడిపోవునేమో యని భయపడుచున్నారు. ఉభయులకును ఆ అంకెల అర్థము తెలియుట మేలని తలచి మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

కంప్యూటరు తాను అప్పటికి చేయుచున్న పనికి కావలసిన లెక్కలను, అక్షరములను, చిత్రములను ర్యామ్ అనెడు మెమొరీలో ఉంచుకొనును. ఈ మెమొరీ చిప్పులలో ఒక్కొక్క బిట్టునకు, అనగా ఒక్కొక్క సున్నకు గాని ఒకటికి గాని, ఒక ట్రాన్సిస్టరును ఒక కెపాసిటరును ఉండును. కెపాసిటరు విద్యుత్తును పట్టి యుంచెడి అతి సూక్ష్మమైన పాత్ర; ట్రాన్సిస్టరు దాని మూత. పాత్ర నిండి యున్నచో ఒకటి యనియు, ఖాళీగా నున్నచో సున్న యనియు లెక్క. ఈ ఏర్పాటును అమెరికాలోని ఐబీఎం సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ అను ఇంజనీరు 1966లో ఊహించెను. 1968లో దానికి పేటెంటు లభించెను. 1970లో ఇంటెల్ సంస్థ 1103 అను చిప్పును అమ్మకమునకు తెచ్చెను. అందు 1,024 బిట్లు మాత్రమే పట్టెడివి. నేడు 16 గిగాబిట్ల చిప్పు సామాన్యమైపోయినది. అనగా మన వ్రేలిగోరంత వస్తువులో 1,700 కోట్లకు పైగా పాత్రలు ఇముడుచున్నవి.

అయితే ఈ పాత్ర చిల్లిముంత వంటిది. ఎంత గట్టిగా మూత వేసినను లోపలి విద్యుత్తు కొంచెము కొంచెముగా కారిపోవుచునే యుండును. కావున ప్రతి పాత్రను పూర్తిగా ఖాళీ కాకమునుపే చూచి, నిండుగా నుండవలసినదానిని మరల నింపవలెను. డీడీఆర్4 మెమొరీలో సామాన్యమైన ఉష్ణోగ్రతలో ప్రతి 64 మిల్లీసెకండ్లకు ఒకసారి చిప్పు అంతయు ఇట్లు తిరిగి నింపబడును. అనగా సెకండునకు సుమారు 16 మారులు. కరెంటు పోయిన క్షణమున మనము భద్రపరచని వ్యాసము మాయమగుటకు కారణమిదియే. నింపువాడు లేకపోయిన చిల్లిముంతలో నీరెట్లు నిలుచును?

ఈ పాత్రలు చిందరవందరగా నుండవు. 8 గిగాబిట్ల డీడీఆర్4 చిప్పు నొకదానిని తీసికొందము. సాధారణ పలకలలో వాడు రకమున 16 బ్యాంకులును, ఒక్కొక్క బ్యాంకులో 65,536 వరుసలును, ఒక్కొక్క వరుసలో 8,192 బిట్లును ఉండును. ఇందులో ముఖ్యమైన నియమ మేమనగా, ఏ ఒక్క బిట్టు కావలసినను, అది యున్న వరుస నంతను తెరవవలెను. ఒక బ్యాంకులో ఒకేసారి రెండు వరుసలను తెరచి యుంచుటకు వీలు లేదు.

మన పాఠశాల గ్రంథాలయమును తలచుకొనుడు. గ్రంథాలయాధికారి యొక బీరువా తాళము తీసి, అందలి యొక అరలోని పుస్తకములనన్నిటిని బల్లపై పరచును. విద్యార్థి అడిగిన పుస్తకమును బల్లపైనుండి అందించును. అదే అరలోనిది మరియొక పుస్తక మడిగినచో వెంటనే అందించగలడు. వేరొక అరలోనిది అడిగినచో, బల్లపై నున్నవాని నెల్ల యథాస్థానమున సర్ది, ఆ తరువాతనే క్రొత్త అరను తీయవలెను. అర బీరువాలోని వరుస. బల్ల, చిప్పులో సెన్స్ యాంప్లిఫయరులని పిలువబడెడి పరికరముల శ్రేణి. ఆ పలకపై వ్రాసిన నాలుగు అంకెలును ఈ గ్రంథాలయాధికారి తన పనులకు అడుగు గడువులే గాని మరియొకటి కాదు.

ఇప్పుడు లోపలికి ఇంకొక అడుగు వేసి చూతము. ప్రతి పాత్రయు ఒక పొడవైన తీగకు చేర్చబడి యుండును. వరుసను తెరచుటకు ముందు ఆ తీగలన్నిటిని సరిగా సగము వోల్టేజీ యొద్ద నిలుపుదురు. డీడీఆర్4లో అది 1.2 వోల్టులలో సగము, 0.6 వోల్టు. పిమ్మట మూత తెరచినప్పుడు నిండు పాత్రలోని విద్యుత్తు తీగలోనికి పారి దాని వోల్టేజీని ఇసుమంత పెంచును. ఖాళీ పాత్ర యైనచో ఇసుమంత తగ్గించును. పాత్ర మిక్కిలి చిన్నది, తీగ దానికంటె చాల పెద్దది. కావున ఈ మార్పు అత్యల్పము. త్రాసు ముల్లు ఎటు వంగినదో గమనించి దానిని ఆ వైపునకే పూర్తిగా లాగివేయు పని సెన్స్ యాంప్లిఫయరుది. ముల్లు స్థిరపడకమునుపే చదివినచో తప్పు లెక్క వచ్చును. ఈ స్థిరపడుటకు పట్టు కాలమే రెండవ అంకె; దానికి టీఆర్‌సీడీ యని పేరు. వరుసను తెరువుమన్న ఆజ్ఞకును, అందలి నిలువు గడిని చదువుమన్న ఆజ్ఞకును నడుమ నుండవలసిన కనీస విరామమిది.

మొదటి అంకె కాస్ లేటెన్సీ, లేక సీఎల్. వరుస తెరచి సిద్ధముగా నున్న తరువాత, ఫలానా గడిని చదువుమని ఆజ్ఞ యిచ్చినది మొదలుకొని మొదటి సమాచారము చిప్పు కాళ్లయొద్దకు వచ్చువరకు పట్టు కాలమిది. బల్లపైనుండి పుస్తకము చేతికి వచ్చు వేళ. మూడవ అంకె టీఆర్‌పీ. తెరచిన వరుసను మూసి, తీగలను మరల సగము వోల్టేజీకి తెచ్చుటకు పట్టు కాలము. బల్ల సర్దుకొను వేళ యన్నమాట. నాలుగవది టీఆర్‌ఏఎస్. ఒక వరుసను తెరచిన తరువాత మరల మూయుటకు లోపుగా కనీస మింతసేపు దానిని తెరచి యుంచవలెనను నియమము.

ఈ నాలుగవ నియమమునకు గల కారణము చాలమందికి తెలియదు. అందుచేత దీనిని గూర్చి కొంచెము విస్తరింతుము. పాత్ర మూత తీసి తీగలోనికి విద్యుత్తును విడిచినప్పుడు పాత్ర ఖాళీ యగును గదా. అనగా చదువుటయే ఆ సమాచారమును చెరుపుట. సెన్స్ యాంప్లిఫయరు ముల్లును పూర్తిగా ఒక వైపునకు లాగినప్పుడు అదే విద్యుత్తు వెనుకకు పారి పాత్రను మరల నింపును. ఈ నింపుట పూర్తి కాకముందే వరుసను మూసివేసినచో పాత్ర సగమే నిండి యుండును. అప్పటికప్పుడు చదివినది సరియైనదే గనుక ఎవ్వరికిని అనుమానము రాదు. కాని ఆ సగము నిండిన చిల్లిముంత 64 మిల్లీసెకండ్లు నిలువలేక, కొంతసేపటికి, మరియొక పనిలో నున్నప్పుడు, తప్పు పలుకును. తప్పునకును దాని కారణమునకును నడుమ ఇంత దూర ముండుటచేతనే ఈ అంకెలతో ఆటలాడువారు తరచుగా మోసపోవుచుందురు.

ఈ అంకెలు నిమిషములు గావు, సెకండ్లును గావు, దెబ్బల లెక్క. భజనలో తాళము చరచినట్లు మెమొరీకి ఒక క్లాకు కలదు. 16–18–18–38 అనగా ఆ తాళములో ఇన్నిన్ని దెబ్బలు ఆగవలెనని అర్థము. డీడీఆర్ అను పేరులోని విశేషమేమనగా, తాళము చరచునప్పు డొకసారియు, చేయి ఎత్తునప్పు డొకసారియు సమాచారము సాగును. కావున 3200 అని వ్రాసిన మెమొరీ క్లాకు సెకండునకు 160 కోట్ల దెబ్బలే కొట్టును. సమాచారము మాత్రము 320 కోట్ల మారులు సాగును. ఒక్క దెబ్బకు పట్టు కాలము 0.625 నానోసెకండు. నానోసెకండనగా సెకండులో నూరుకోట్లవ భాగము. అంత కాలములో వెలుతురు సైతము సుమారొక అడుగు దూరమే పోగలదు.

కావున అసలు కాలము తెలియవలెనన్న, దెబ్బల సంఖ్యను 2,000తో గుణించి, పలకపై వ్రాసిన 3200 వంటి పెద్ద అంకెతో భాగింపవలెను. నానోసెకండ్లు వచ్చును. 16 దెబ్బలైన 16ను 2,000తో గుణించగా 32,000. దానిని 3200తో భాగింపగా 10 నానోసెకండ్లు. విద్యార్థులు తమ యింటి కంప్యూటరు అంకెలతో ఈ లెక్కను చేసి చూడవచ్చును.

ఈ లెక్క చేతికి వచ్చిన తరువాత అంగడిలోని మాటలు కొన్ని తేలిపోవును. పై చెప్పిన 3200 మెమొరీలో కావలసిన వరుస ముందే తెరచి యున్నచో 16 దెబ్బలకు, అనగా 10 నానోసెకండ్లకు, సమాచారము దొరకును. బ్యాంకులో ఏ వరుసయు తెరచి లేనిచో 18యు 16యు కలిసి 34 దెబ్బలు, 21.25 నానోసెకండ్లు. వేరొక వరుస తెరచి యున్నచో దానిని మూయుట, క్రొత్తదానిని తెరచుట, చదువుట, అన్నియు కలిసి 52 దెబ్బలు, 32.5 నానోసెకండ్లు. ఇప్పుడు దీని ప్రక్కన 3600 మెమొరీని, 18–22–22–42 అను అంకెలు గలదానిని పెట్టుదము. తెరచిన వరుస విషయమున 18 దెబ్బలును సరిగా 10 నానోసెకండ్లే. కాని వేరొక వరుస తెరచి యున్న సందర్భమున 62 దెబ్బలు, అనగా 34.4 నానోసెకండ్లు. పెద్ద అంకె గల మెమొరీ ఇక్కడ వెనుకబడినది! అయినను అది పనికిమాలినదని కాదు. ఒకసారి వరుస తెరచిన తరువాత సమాచారము ధారగా పారు వేగము 3600 నందే హెచ్చు. 3200 మెమొరీ ఒక ఛానెలున సెకండునకు 25.6 గిగాబైట్లు పంపగా, 3600 మెమొరీ 28.8 గిగాబైట్లు పంపును. దారి వెడల్పు వేరు, గుమ్మము తెరచుకొను వేళ వేరు. పెద్ద చలనచిత్రమును కూర్చు పనికి వెడల్పు ముఖ్యము. చిన్నచిన్న విషయములను ఇక్కడ నొకటి అక్కడ నొకటిగా వెదకు ఆటలకు గుమ్మపు వేళ ముఖ్యము.

ఇంకొక వింత చూడుడు. 2003 ప్రాంతమున డీడీఆర్–400 మెమొరీలలో మేలైనవానికి సీఎల్ 2 ఉండెడిది. నేటి డీడీఆర్5–6000 మెమొరీలలో మేలైనవానికి సీఎల్ 30. రెండు ఎక్కడ, ముప్పది యెక్కడ! కాని లెక్క వేసినచో రెండును 10 నానోసెకండ్లే. సమాచారపు ధార 15 రెట్లు పెరిగినను, త్రాసు ముల్లు స్థిరపడు వేళ దాదాపు కదలలేదు. తాళము వేగ మెంత పెంచినను, పాత్ర నిండుటకును తీగ కుదురుటకును పట్టు కాలము ప్రకృతి నియమమునకు లోబడినది. దెబ్బలు చిన్నవగుటచే వాని సంఖ్య పెరిగినది, అంతే. ఈ ఒక్క సంగతిని గ్రహించినవాడు, సీఎల్ 40 అని చూచి నిరుత్సాహపడడు, సీఎల్ 9 అని చూచి మురిసిపోడు.

ఈ అంకెలను నిర్ణయించువా రెవరని విద్యార్థులు అడుగవచ్చును. జెడెక్ అను సంస్థ మెమొరీ ప్రమాణములను ప్రకటించును. డీడీఆర్4 ప్రమాణము 2012లోను, డీడీఆర్5 ప్రమాణము 2020లోను వెలువడినవి. డీడీఆర్4కు ప్రమాణము చెప్పిన గరిష్ఠ వేగము 3200, వోల్టేజీ 1.2, ఆ వేగమునకు ప్రమాణపు అంకెలలో వాడుకలో నున్నవి 22–22–22. కావున 3200 నందు 16–18–18–38 అని చీటిపై నున్న మెమొరీ తయారైనప్పుడే ప్రమాణమును మీరినది, దానికి 1.2 గాక 1.35 వోల్టులు అడుగుట అందుచేతనే. తయారుచేసినవారు తమ అంకెలను పలకపై నున్న ఒక చిన్న చిప్పులో వ్రాసి యుంచుదురు. ఇంటెల్ సంస్థ 2007లో ఎక్స్ఎంపీ అను పేరను, ఏఎండీ సంస్థ 2022లో ఎక్స్‌పో అను పేరను ఇందుకు పద్ధతులను ఏర్పరచెను. అయితే కంప్యూటరు తనంత తానుగా ఆ అంకెలను వాడుకొనదు. బయాస్ అను తొలి అమరికల పుటలోనికి పోయి, ఎక్స్ఎంపీని ఎన్నుకొనువరకు 2133, 2400 లేక 2666 వంటి తక్కువ వేగముననే నడచుచుండును. 3600 మెమొరీకి సొమ్ము చెల్లించి, ఏండ్ల తరబడి 2133 వేగముతో పనిచేసికొనుచున్న ఇండ్లు ఎన్ని యున్నవో! ఓవర్‌క్లాకింగ్ మాట తలపెట్టుటకు ముందు ఈ ఒక్కటి చూచుకొనవలెను.

పైన చెప్పిన నాలుగే గాక రెండవ శ్రేణి అంకెలును, మూడవ శ్రేణి అంకెలును పెక్కు గలవు. వానినన్నిటిని ఇక్కడ వివరింపము. రెండు మాత్రము చెప్పుదుము. అవి రెండును చిల్లిముంతను నింపుటకు సంబంధించినవి. డీడీఆర్4లో సుమారు 7.8 మైక్రోసెకండ్లకు ఒకసారి నింపుడు ఆజ్ఞ వెలువడును. ఈ యెడమును టీఆర్ఈఎఫ్ఐ యందురు. ఒక్కొక్క ఆజ్ఞకు పట్టు కాలము టీఆర్ఎఫ్‌సీ. 8 గిగాబిట్ల చిప్పునకు ప్రమాణము ప్రకారము 350 నానోసెకండ్లు. అంతసేపు చిప్పు ఇతర పనులకు దొరకదు. 7,800లో 350 అనగా నూటికి నాలుగున్నర పాళ్ల కాలము ఇందుకే పోవుచున్నది. కావున ఓవర్‌క్లాకింగ్ చేయువారు టీఆర్ఎఫ్‌సీని తగ్గించుటకును, టీఆర్ఈఎఫ్ఐని పెంచుటకును ఆశపడుదురు. లాభ మున్నమాట నిజము. కాని ఇచ్చటనే ఎండకు పని పడును.

వేడి పెరిగిన కొలది పాత్రలనుండి విద్యుత్తు త్వరగా కారును. అందుకే చిప్పు 85 డిగ్రీల సెంటీగ్రేడును దాటినచో నింపుడు గడువును 64 నుండి 32 మిల్లీసెకండ్లకు తగ్గింపవలెనని డీడీఆర్4 ప్రమాణము చెప్పుచున్నది. పుష్యమాసపు చలిలో రాత్రి యంతయు పరీక్షించి నిలిచినదని సంతోషించిన అమరిక, రోహిణి కార్తెలో మన రెంటచింతలలోనో రామగుండములోనో గది లోపలి వేడియే 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నమున నిలుచునని నమ్మరాదు. చలిదేశములలో నున్నవారు ప్రకటించిన అంకెలను మనవారు యథాతథముగా ఎక్కించుట ఈ కారణముచేత మాకు సమ్మతము కాదు. అదియుగాక, ఒక వరుసను మాటిమాటికి తెరచి మూయుచున్నచో ప్రక్క వరుసలోని బిట్లు తారుమారు కాగలవని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు తమ సహచరులతో కలిసి 2014లో చూపిరి. నింపుడు ఎడమును సాగదీసినచో ఈ బలహీనతయు పెరుగును.

తల్లిదండ్రులు భయపడునట్లు, అంకెలను కొంచెము బిగించినంతమాత్రమున యంత్రము కాలిపోదు. అంకెలు సరిపడనిచో అది మొదలే కాదు, అంతే. మితిమీరిన వోల్టేజీ మాత్రము చిప్పులకు నిజముగా హాని చేయగలదు. మేము భయపడు అపాయము వేరొకటి. అది చప్పుడు చేయదు. మన పాఠశాల కార్యాలయములో మార్కుల పట్టిక నెక్కించుచున్నారనుకొందము. ఒక విద్యార్థికి 35 మార్కులు. కంప్యూటరు భాషలో అది 0100011. ఎడమనుండి మొదటి సున్న యొకటిగా మారినచో 1100011, అనగా 99! వేరొకనికి 64 వచ్చినవి, అది 1000000. అందలి ఒక్క ఒకటి సున్న యైనచో మిగులునది సున్నయే. యంత్రము ఆగదు, గంట మ్రోగదు, ఎర్రదీపము వెలుగదు. తప్పు మార్కు డిస్కుపై భద్రముగా వ్రాయబడును. చెల్లెలి పెండ్లి ఛాయాచిత్రములు, తండ్రిగారి జమాఖర్చులు, నడుచుచున్న ఆపరేటింగ్ సిస్టమే కూడ, ఇట్లే ఒక్కొక్క బిట్టుగా చెడవచ్చును. పెద్ద సర్వరులలో ఇట్టి తప్పులను కనిపెట్టి దిద్దుటకు అదనపు చిప్పులతో కూడిన ఈసీసీ మెమొరీని వాడుదురు. డీడీఆర్5 చిప్పుల లోపల కొంత దిద్దుబాటు కలదు గాని, అది చిప్పునకును ప్రాసెసరునకును నడుమ దారిలో జరుగు తప్పులను దిద్దలేదు. కావున తండ్రిగారు వ్యాపారపు లెక్కలు వ్రాసికొను కంప్యూటరుపై ఈ ప్రయోగములు చేయరాదని మా స్పష్టమైన అభిప్రాయము. ఆటలకును, అభ్యాసమునకును ప్రత్యేకముగా ఒక యంత్రమున్నవారు చేయవచ్చును.

మరి లాభమెంత? వ్యాసములు వ్రాసికొనుటకు, పాఠములు వినుటకు, ఉత్తరములు పంపుటకు కంటికి కనబడు భేద మేమియు నుండదు. ప్రాసెసరులో క్యాష్ అను చిన్న మెమొరీ యుండి చాలవరకు పనిని తానే కడతేర్చును. మెమొరీ వరకు పోవలసి వచ్చినప్పుడు సైతము, ప్రాసెసరు అడిగినది మొదలు సమాచారము చేతికి వచ్చువరకు అన్ని మజిలీలును కలిసి తరచు 50 నుండి 90 నానోసెకండ్లు పట్టును. అందులో మనము బిగించి తగ్గింపగలిగినది కొన్ని నానోసెకండ్లు. కొన్ని ఆటలలోను, కొన్ని లెక్కలలోను ఆ కొద్దియు కూడి లాభముగా తేలును. కాని 4 గిగాబైట్ల మెమొరీ చాలక మాటిమాటికి డిస్కుపై ఆధారపడుచున్న యంత్రమున ఈ పని చేయుట, నూయి ఎండిన తోటలో కాలువ గట్లు సరిచేయుట వంటిది. మంచి ఎస్ఎస్‌డీ డిస్కునుండి చదువుటకైనను పదుల మైక్రోసెకండ్లు, అనగా వేలకొలది నానోసెకండ్లు పట్టును. అట్టివారు మరియొక మెమొరీ పలకను కొనుటయే మేలు. రెండు పలకలను సరియైన గాడులలో, సామాన్యముగా ప్రాసెసరునుండి లెక్కించి రెండవ, నాలుగవ గాడులలో పెట్టినచో, రెండు ఛానెళ్లు పనిచేసి దారి వెడల్పు రెండింతలగును. దీనికి ధైర్యమును అక్కరలేదు, అదృష్టమును అక్కరలేదు.

ఇంత విన్న తరువాతను చేయదలచినవారికి పద్ధతి చెప్పుదుము. మొట్టమొదట, పోగొట్టుకొనుటకు ఇష్టములేని ప్రతి దస్త్రమును వేరొక డిస్కునకు ఎత్తి, ఆ డిస్కును ఊడదీసి దూరముగా పెట్టవలెను. తరువాత ఇప్పటి అంకెలను కాగితముపై వ్రాసికొనవలెను. ఎక్స్ఎంపీ అంకెలతో ఒక రాత్రి పరీక్షింపవలెను. తయారుచేసినవారి అంకెలే నిలువనిచో అంతకు మించి పోవుట వ్యర్థము. పిమ్మట వేగమును పెంచుటయో, వేగమును అట్లే యుంచి దెబ్బలను తగ్గించుటయో, రెంటిలో ఒకటి ఎన్నుకొనవలెను. రెండును ఒకేసారి చేసినచో తప్పు దేనివలన వచ్చినదో బ్రహ్మకైనను తెలియదు. సీఎల్‌ను 16 నుండి 15కు గాని 14కు గాని తగ్గించి, పరీక్షించి, నిలిచిన తరువాతనే టీఆర్‌సీడీ జోలికి పోవలెను. ఒక్కొక్కసారి ఒక్కొక్క అంకె, ఒక్కొక్క మెట్టు. కొన్ని చిప్పులలో వోల్టేజీ కొంచెము పెంచిన సీఎల్ తగ్గును గాని టీఆర్‌సీడీ కదలదు. మరికొన్నిటిలో రెండును లొంగును. ఒకే పేరుతో, ఒకే చీటితో వచ్చిన రెండు పలకలలో సైతము భేద ముండవచ్చును. అందుచేత మిత్రుని అంకెలు మనకు నిలువలేదని చిన్నబుచ్చుకొన నక్కరలేదు.

వేగము పెంచుటలో మరియొక గట్టు కలదు. మెమొరీని నడపు కంట్రోలరు ప్రాసెసరు లోపలనే యుండును; దానికిని శక్తికి హద్దు కలదు. ఆ హద్దు దాటినప్పుడు కొన్ని ప్రాసెసరులలో కంట్రోలరు మెమొరీ తాళమునకు సగము వేగముతో నడచును. ఇంటెల్‌వారు 2021 నుండి దీనిని రెండవ గేరు అని పిలుచుచున్నారు. అప్పుడు వెడల్పు పెరిగినను గుమ్మపు వేళ హెచ్చును. పెంచితిమన్న వేగము పేరునకే మిగులవచ్చును.

వోల్టేజీ విషయమున మా మాట కఠినముగా నుండును. డీడీఆర్4కు ప్రమాణము తాళగల పరిమితిగా చెప్పినది 1.5 వోల్టులు, అది నడువదగిన చోటు కాదు, దాటరాని గోడ. చీటిపై 1.35 అని యున్న పలకను 1.4 వరకు పెంచి, గాలి బాగుగా తగులునట్లు చూచుకొని, అంతటితో ఆగుట విద్యార్థులకు తగినది. ప్రాసెసరు వైపు వోల్టేజీలను ముట్టనే వలదు. పెట్టె మూతలు మూసి, పంకాలు దుమ్ము దులిపి పెట్టుకొనుట వోల్టేజీ పెంచుటకంటె తరచుగా హెచ్చు మేలు చేయును.

అంకె తప్పినప్పుడు తెర నల్లగా నిలిచిపోవును. యంత్రము తనంత తానే రెండు మూడు మారులు ప్రయత్నించి, పాత అంకెలకు మరలుట సామాన్యము. మరలనిచో, కరెంటు తీగ ఊడదీసి, మదర్‌బోర్డుపై నున్న రూపాయి బిళ్ల వంటి 3 వోల్టుల బ్యాటరీని తీసి, కొన్ని నిమిషములు ఆగి మరల పెట్టినచో బయాస్ అమరికలు చెరిగిపోయి యంత్రము లేచును.

పరీక్షకు మెమ్‌టెస్ట్86 వంటి పనిముట్టును వాడుదురు. దానిని పెన్‌డ్రైవుపై ఎక్కించి, ఆపరేటింగ్ సిస్టము లేకుండగనే నడుపుదురు. అది మెమొరీ అంతటను రకరకముల సున్నలను ఒకట్లను వ్రాసి, మరల చదివి, పోల్చి చూచును. కనీసము నాలుగు ఆవృత్తులు పూర్తి కానియ్యవలెను. 16 గిగాబైట్లకు కొన్ని గంటలు పట్టును. ఇందు ఉత్తీర్ణతకు నూటికి 35 చాలదు, 99యు చాలదు. ఒక్క తప్పు వచ్చినను ఆ అంకెను వెనుకకు త్రిప్పి, దానికంటె ఒక మెట్టు వదులుగా నిలుపవలెను. అటుపిమ్మట ప్రాసెసరును మెమొరీని కలిపి శ్రమపెట్టు మరియొక పరీక్షను యంత్రము వేడెక్కువరకు నడుపవలెను. చల్లని యంత్రముపై చేసిన పరీక్ష సగము పరీక్షయే. చైత్రమాసమున ఒకసారి, ఎండలు ముదిరిన పిదప మరియొకసారి ఇదే పని చేయవలెను.

నిలిచిన అంకెలను, వోల్టేజీని, పరీక్షించిన తేదీని, ఆనాటి గది ఉష్ణోగ్రతను ఒక కాగితముపై వ్రాసి పెట్టె లోపలి ప్రక్కకు అంటింపుడు. ఆ చిన్న బ్యాటరీ కొన్ని యేండ్లకు అయిపోవును. అయిపోయిన నాడు అమరికలన్నియు చెరిగి, యంత్రము మరల 2133 వేగమునకు దిగిపోవును. కాగిత మున్నచో పది నిమిషముల పని.